పొటాషియం నంబర్ ఇవ్వనన్న ల్యాబ్

ముందే చెప్తున్నా, ఈ ల్యాబ్ పేరు రాయను. నేను చేసే పని అలాంటిది. ల్యాబులకు గుర్తింపు (అక్రెడిటేషన్) ఇచ్చే ఎన్‌ఏబీఎల్ తరఫున బయోకెమిస్ట్రీ అసెసర్‌గా ఊళ్ళు తిరిగి ల్యాబులు తనిఖీ చేస్తుంటా. వెళ్ళే ప్రతిచోటా, ఈ ల్యాబ్‌తో నాకు ఇచ్చిపుచ్చుకోవడాలేమీ లేవని సంతకం పెట్టాలి. అలాంటిదాన్ని ఒక ల్యాబ్‌ని పేరుపెట్టి పొగిడితే బాగుండదు. మా ఇంటిల్లిపాదీ వీళ్ళ దగ్గరే రక్తం ఇస్తున్నాం కాబట్టి, రేపు వీళ్ళు అక్రెడిటేషన్‌కు అప్లై చేసినా ఆ ఫైలు నేను ముట్టుకోను. నెల్లూరు వాళ్ళకు గుర్తు మాత్రం చెప్తా: పొగతోటలో, కింద మెడికల్ షాపు, పక్కన ఇరుకు మెట్లు, మెట్ల మొదట్లో చెప్పుల కుప్ప. ఈ గుర్తుకు పొగతోటలో సగం ల్యాబులు సరిపోతాయని నాకూ తెలుసు.

మేం అక్కడికి ఎట్లా చేరామో చెప్పాలంటే పోయిన రోహిణి కార్తెకు వెళ్ళాలి.

అమ్మకు 76. వేదాయపాళెంలో తమ్ముడి దగ్గర ఉంటుంది. షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. బీపీకి టెల్మిసార్టన్ వేస్తారు. ఆ మందు కొందరిలో పొటాషియం పెంచుతుంది కాబట్టి మూడు నెలలకోసారి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం చూపించమన్నారు డాక్టరు గారు. ఆ ఎండల్లో అమ్మను బయటికి తిప్పడమెందుకని తమ్ముడు ఫోన్లో యాప్ తెరిచి, ఇంటికొచ్చి రక్తం తీసుకుపోయే ల్యాబ్ ఒకటి బుక్ చేశాడు. వాళ్ళ పేరూ రాయను.

వచ్చిన కుర్రాడి మీద నాకేం కోపం లేదు. పొద్దున్నే పదిళ్ళు తిరగాలి. అమ్మ నరాలు సన్నం, దొరకవు. పట్టీ బిగించి కట్టి "పిడికిలి మూసి తెరువు, మూసి తెరువు" అన్నాడంట. సిరంజితో లాగి, ఆ సూదినే ట్యూబ్ రబ్బరు మూతలోకి గుచ్చి బలంగా నొక్కాడంట. తర్వాత ట్యూబుల్ని ఐస్ ప్యాక్ మీద పడుకోబెట్టి పెట్టె మూశాడు. ఎండాకాలం కదా, ఐస్‌లో పెడితే మంచిదేగా అనుకుంటాం. పాలకైతే మంచిదే. సీరం, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం, విడదీయకుండా రక్తాన్ని చల్లబెడితే మాత్రం కణాల్లోని పొటాషియం బయటికి కారిపోతుంది. ఎర్రకణం లోపల పొటాషియం, బయట ఉన్నదానికి 20 రెట్లకు పైగా ఉంటుంది. కాసిని కణాలు చితికినా నంబరు ఎగబాకుతుంది. పిడికిలి ఆడించడం, సిరంజి నొక్కడం, ఐస్, మూడూ పొటాషియాన్ని పైకి తోసేవే.

రాత్రి 8:40కి రిపోర్టు వచ్చింది. పొటాషియం 6.4, ఎర్రక్షరాల్లో. 5 దాటితేనే ఎక్కువ, 6 దాటితే గుండె లయ తప్పుతుందేమోనని డాక్టర్లు పరుగులు పెడతారు. నేనేమో ఇంకో రాష్ట్రంలో తనిఖీకి పోయి హోటల్ గదిలో కాగితాలు రాసుకుంటున్నా. తమ్ముడు ఫోను. "అక్కా, రిపోర్టు ఎర్రగా వచ్చింది. ఏంది చేసేది ఇప్పుడు?"

"సీరం రంగు ఎట్లా ఉందో ల్యాబోళ్ళని అడుగురా" అన్నా. అడిగాడు. "మెషిన్ ఇచ్చిన రిజల్టే సార్, మేమేం మార్చం" అన్నారంట. ఆ జవాబు వినగానే ఆ నంబరు మీద నాకు సగం నమ్మకం పోయింది. మిగిలిన సగం పోలేదు. ఎవరో ఊరూపేరూ తెలియని పేషెంటు రిపోర్టయితే నింపాదిగా రిమార్కు రాసుకునేదాన్ని. ఇక్కడ ఉన్నది మా అమ్మ. "ముందు హాస్పిటల్‌కు తీసుకుపో" అన్నా.

క్యాజువాలిటీలో ఈసీజీ మామూలుగా ఉంది. మళ్ళీ రక్తం తీస్తే 4.3. అర్ధరాత్రి దాటాక ఇంటికి చేరారు. యాప్‌లో ఫిర్యాదు పెడితే, అసౌకర్యానికి చింతిస్తున్నామనీ, మళ్ళీ ఉచితంగా పరీక్ష చేస్తామనీ జవాబొచ్చింది. ఎందుకట్లా జరిగిందో మాత్రం అందులో ఒక్క ముక్క లేదు.

ఇక పొగతోట ల్యాబ్.

మొదటిసారి పొద్దున ఏడింటికి వెళ్ళాం. అమ్మకు ఆ మెట్లు ఎక్కడానికి ఐదు నిమిషాలు పట్టింది. నేనేం పని చేస్తానో చెప్పలేదు. చెప్తే ఎవరైనా మారిపోతారు. ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజు బడి ఎట్లా ఉంటుందో, మేం వెళ్ళే రోజు ల్యాబులన్నీ అట్లాగే ఉంటాయి. గోడకు కొత్త సున్నం, ఒంటి మీద మడత నలగని తెల్లకోట్లు.

ల్యాబ్ నడిపేది డీఎంఎల్‌టీ, అంటే ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా, చదివిన ఒక టెక్నీషియన్. నలభై దాటుంటాయి. చేతిలో చీటీ ఉంది, చీటీలో అమ్మ పేరుంది. అయినా "నీ పేరేంది అవ్వా?" అనడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకే నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నా. "ఫలానా మీరే కదా?" అంటే చెవులు సరిగ్గా వినపడని వాళ్ళు దేనికైనా తలూపుతారు. పేరు వాళ్ళ నోటితోనే చెప్పించాలి. ఒకరి రక్తం ఇంకొకరి పేరు మీద పోవడం మొదలయ్యేది అక్కడే.

స్పిరిట్ దూది రాసి, ఆరేదాకా ఆగాడు. అంతసేపు ఊరికే నిలబడే ఓపిక ఎంతమందికి ఉంటుందో నాకు తెలుసు. "పిడికిలి బిగించొద్దు అవ్వా, చెయ్యి ఊరికే వదిలెయ్" అన్నాడు. రక్తం ట్యూబ్‌లోకి రావడంతోనే పట్టీ వదిలేశాడు. ముందు పసుపు మూత ట్యూబ్, తర్వాత పర్పుల్, చివరికి బూడిద రంగు. ఈ వరస తప్పితే ఏమవుతుందంటే, పర్పుల్ ట్యూబ్‌లో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ పొటాషియం ఉప్పు. అది చుక్కంత పసుపు మూత ట్యూబ్‌లోకి చేరినా పొటాషియం పైకి పోతుంది, కాల్షియం పాతాళానికి పోతుంది. పర్పుల్ ట్యూబ్‌ని చాలామంది దగ్గు మందు సీసాలా విదిలిస్తారు. ఈయన మెల్లగా తలకిందులు చేసి లేపాడు, ఎనిమిది సార్లు. నేను లెక్కపెట్టా. పేరు చీటీలు అమ్మ కళ్ళముందే అంటించాడు.

ఇంత చేసినా ఆరోజు రక్తం సరిగ్గా రాలేదు. మొదటి చేతిలో నరం జారింది, రెండో చేతిలో సన్నగా కారింది. అమ్మ మాత్రం "ఫర్వాలేదులే నాయనా" అంటూనే ఉంది. కిందకి దిగి కారం దోశ తిని ఇంటికెళ్ళాం.

తొమ్మిదిన్నరకు ఆయనే ఫోన్ చేశాడు. "మేడం, అవ్వ సీరం గులాబీ రంగులో ఉంది. పొటాషియం ఇవ్వను. లివర్‌ది, ఎస్‌జీఓటీ కూడా ఇవ్వను. మిగతావి ఇస్తా. అవ్వ మళ్ళీ మెట్లెక్కలేదు గదా, నేనే ఇంటికొస్తా. డబ్బులేం వద్దు."

సీరం అంటే నువ్వుల నూనెలా లేత పసుపుగా ఉండాలి. పుచ్చకాయ రసంలా ఉందంటే కణాలు చితికినట్టు. పెద్ద మెషిన్లు ఆ రంగును అవే కొలిచి హెచ్చరిస్తాయి. ఈయన దగ్గరున్నది ట్యూబ్‌లైటు, రెండు కళ్ళు. ఆ నంబరు ఎంతొచ్చిందని అడిగా, ఆశ చావక. "వేశాను మేడం, 5.9 వచ్చింది. కానీ అది అవ్వ నంబరు కాదు, ట్యూబు నంబరు" అన్నాడు. పదకొండింటికి వచ్చి మళ్ళీ తీశాడు. 4.4.

అమ్మకు ఇదంతా వింతగా ఉంది. "వాళ్ళేమో నంబరిచ్చి భయపెట్టిరి, వీళ్ళేమో నంబరే ఇవ్వమనిరి. ఎవురు మే మంచోళ్ళు?" అంది.

నేను ఏళ్ళుగా ల్యాబుల్లో శాంపిల్ రిజెక్షన్ రిజిస్టర్ అడుగుతుంటా. చాలాచోట్ల తెచ్చిచ్చేది ఖాళీ పుస్తకం. "మా దగ్గర అసలు రిజెక్ట్ అయ్యే శాంపిలే రాదు మేడం" అంటారు గర్వంగా. రోజూ వందమంది రక్తం తీసే చోట ఏడాదిలో ఒక్క శాంపిల్ కూడా చెడలేదంటే చెడింది రిజిస్టరే.

రెండో నెల నేనెవరో చెప్పేశా, ఇంక దాచడం న్యాయం కాదనిపించి. లోపలికి రానిస్తారేమోనని చిన్న ఆశ కూడా. రానివ్వలేదు. "లోపలికి బయటివాళ్ళు రాకూడదు మేడం, మీరే రాస్తారు గదా ఆ రూలు" అన్నాడు నవ్వుతూ. కానీ పేషెంట్ల పేర్లు లేని రెండు ఫైళ్ళు తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు.

మొదటిది రాయవేలూరు సీఎంసీ ఫైలు. పెద్ద జబ్బొస్తే రాయవేలూరు పోవడం మన జిల్లా వాళ్ళకు కొత్త కాదు. ల్యాబులకు కూడా రాయవేలూరు ఉంది. అక్కడి క్లినికల్ బయోకెమిస్ట్రీ విభాగం దేశంలోని ల్యాబులకు సీసాల్లో పొడి పంపుతుంది. అందులో ఏది ఎంతుందో మనకు చెప్పరు. నెలకో సీసా తీసి డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి, మామూలు పేషెంటు సీరంలాగే మెషిన్‌లో పెట్టి, వచ్చిన నంబర్లు పంపాలి. అదే పద్ధతి వాడే మిగతా ల్యాబుల నంబర్లతో పోల్చి మనం ఎంత దూరంలో ఉన్నామో జడ్ స్కోరుగా చెప్తారు. ప్లస్సయినా మైనస్సయినా 2 లోపుంటే నయం, 2 దాటితే చూసుకోమని, 3 దాటితే తప్పని. ఒకే శాంపిల్ పదిమందికి పంపి జవాబులు పోల్చే ఈ ఆలోచన పాతదే. 1947లో అమెరికాలో బెల్క్, సండర్‌మన్ అనే ఇద్దరు పెన్సిల్వేనియా ల్యాబులకు ఇట్లాగే పంపితే జవాబులు తలా ఒక దిక్కున వచ్చాయి. అప్పటినుంచీ ఇది ల్యాబులకు యూనిట్ టెస్టు.

యూనిట్ టెస్టన్నాక కాపీ కూడా ఉంటుంది. పేషెంటు సీరం ఒక్కసారి వేసే ల్యాబు ఈ సీసాను మూడుసార్లు వేసి సగటు పంపుతుంది. పక్క ల్యాబుకు ఫోన్ చేసి "నీకు యూరియా ఎంతొచ్చింది బ్బా?" అని అడిగే వాళ్ళూ ఉన్నారు. మెషిన్ మెమరీ తెరిస్తే ఆ మూడు రన్నులూ టైముతో సహా బయటపడతాయి. అప్పుడు వాళ్ళ మొహాలు చూడలేక నేనే తల దించుకుంటా.

ఈయన ఫైల్లో ఒక నెల ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ స్కోరు మైనస్ 3.1. తప్పు. ఇట్లాంటి చోట కారణం కింద అన్ని ల్యాబులూ రాసే వాక్యం ఒకటే: సిబ్బందికి తిరిగి శిక్షణ ఇచ్చాం. ఈ వాక్యం చదివి చదివి నా కళ్ళద్దాలు అరిగాయి. ఈయన నీలం పెన్నుతో తెలుగులో రాసుకున్నది ఇది: "కరెంటు పోతుందని తొందరపడి కలిపిన పది నిమిషాలకే పెట్టినాము. కాగితంలో చెప్పినంతసేపు ఆగలేదు. మిగిలిన దానిని మధ్యాహ్నం మళ్ళీ వేస్తే పెరిగినది." నాకు ముచ్చటేసింది. పొడిలో నీళ్ళు కలిపాక మిగతావి చాలావరకు కుదురుగానే ఉంటాయి గానీ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మాత్రం మెల్లగా పుంజుకుంటుంది. తొందరపడితే తక్కువ చూపిస్తుంది. పుస్తకంలో ఉండే ఈ సంగతిని ఈయన మధ్యాహ్నం మళ్ళీ వేసి తనంతట తాను పట్టుకున్నాడు. పంపిన నంబరు మాత్రం మార్చలేదు. తప్పు తప్పుగానే ఫైల్లో ఉంది.

రెండోది ఫ్రిజ్ టెంపరేచర్ చార్టు. ఫ్రిజ్‌లో పెట్టే రియేజెంట్లు (పరీక్షకు వాడే రసాయనాలు), కంట్రోల్స్ (విలువ ముందే తెలిసిన నమూనాలు) 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, రోజూ రెండుసార్లు రాయాలి. నేను చూసే చార్టుల్లో 30 రోజులూ 4, 4, 4. ఒకే పెన్ను, ఒకే వాలు. ల్యాబుకు సెలవున్న ఆదివారం కూడా 4. ఈయన చార్టు గజిబిజిగా ఉంది. 5, 6, 4, 7, మే నెలలో ఒక రోజు 11, ఎర్ర ఇంకుతో. పక్కన: "రాత్రి కరెంటు లేదు, ఇన్వర్టర్ దిగిపోయింది. రియేజెంట్లు కింద మెడికల్ షాపు ఫ్రిజ్‌లో పెట్టినాము. ఉదయం కంట్రోల్ వేసి చూసి, సరిగా వచ్చినాకనే పేషెంట్లవి వేసినాము." నెల్లూరు మే నెలలో ఏ ఫ్రిజ్ అయినా ఒక్కరోజైనా 11 చూపించకపోతే నేను నమ్మను.

ఇంతటితో ఆపితే వీళ్ళకు ఐదు స్టార్లు ఇచ్చేయాలి. ఇవ్వను.

థైరాయిడ్ పరీక్ష వీళ్ళు చెయ్యరు, బయటి ల్యాబుకు పంపుతారు. పంపడం తప్పు కాదు. ఆ రిపోర్టు వీళ్ళ లెటర్‌హెడ్ మీదే వస్తుంది, ఎక్కడ చేశారో ఒక్క అక్షరం ఉండదు. అది తప్పు, చిన్న తప్పు కూడా కాదు. పరీక్ష చేసిందెవరో పేషెంటుకు తెలియాలి. అడిగితే "డాక్టర్లు అడగరు మేడం" అన్నాడు. నేను అడుగుతున్నా కదా. అయితే ఇక్కడే ఇంకో మాట కూడా చెప్పాలి. మా మేనకోడలు థైరాయిడ్‌కు రక్తం ఇవ్వడానికి కూర్చుంటే కౌంటర్‌లో అమ్మాయి "జుట్టు ఊడకుండా మాత్రలేమైనా వేసుకుంటున్నారా అక్కా?" అనడిగింది. వేసుకుంటోంది, బయోటిన్. కొన్ని కిట్లలో ఆ బయోటిన్ అడ్డుపడి, థైరాయిడ్ పరీక్షలో చూసే టీఎస్‌హెచ్‌ను లేనంత తక్కువగా చూపిస్తుంది. అమెరికా ఎఫ్‌డీఏ 2017లో దీని గురించి హెచ్చరించింది. కౌంటర్‌లో అమ్మాయి మాత్రలు రెండు రోజులు ఆపి రమ్మని పంపించేసింది. ఆ ప్రశ్న అడిగే కౌంటర్ నేను ఇంకెక్కడా చూడలేదు. చేసేది బయటి ల్యాబే అయినా అడిగింది వీళ్ళు.

తమ్ముడి లిపిడ్ (రక్తంలో కొవ్వుల) రిపోర్టులో ట్రైగ్లిజరైడ్స్ 430, ముందు రోజు రాత్రి పెళ్ళిలో వాయించిన బిర్యానీ పుణ్యమా అని. దాని కింద చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్ నంబరు కూడా దర్జాగా అచ్చేశారు. మిగతా కొవ్వుల నంబర్ల నుంచి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రంతో లెక్కగట్టే ఎల్‌డీఎల్ ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే పనికిరాదు. పొటాషియం దగ్గర అంత పట్టుదల ఉన్న మనిషి, కంప్యూటర్ వేసిన లెక్కను ప్రశ్నించకుండా వదిలేశాడు. ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన మొహం చిన్నబోయింది. నాకే కొంచెం బాధేసింది.

డాక్టరు సంతకం సంగతి కూడా. ప్రతి రిపోర్టు కింద పెథాలజిస్టు సంతకం ఒకే వంపుతో, ఒకే మరకతో ఉంటుంది. స్కాన్ చేసి పెట్టింది. ఆయన రోజూ సాయంత్రం వచ్చి చూస్తాడంటున్నారు. ఉదయం పదకొండుకు నా ఫోనుకొచ్చిన రిపోర్టు మీద సాయంత్రం వచ్చే డాక్టరు సంతకం ఎట్లా వచ్చిందో నాకు అర్థం కాలేదు.

మిగతావి చిల్లర సంగతులు. లిఫ్టు లేదు. రేట్ల బోర్డు లేదు, అడిగితే చెప్తారు, ఎలక్ట్రోలైట్స్ (సోడియం, పొటాషియం లాంటివి) 350, ఇంటికొస్తే ఇంకో 100. బాత్రూమ్‌లో యూరిన్ డబ్బా పెట్టుకోవడానికి చిన్న అరయినా లేదు, ఒక చేత్తో డబ్బా పట్టుకుని ఇంకో చేత్తో తలుపు గడియతో కుస్తీ పట్టాలి. ఆదివారం పది దాటితే మూసేస్తారు.

వీళ్ళకు అక్రెడిటేషన్ లేదు. అది ఉన్న ల్యాబుకు పోవద్దని నేను ఎందుకంటా, నా పనే అది. కానీ ఉన్నచోట కూడా ఏ పరీక్షకు ఉందో చూసుకోండి. మెడికల్ ల్యాబుల ప్రమాణమైన ఐఎస్‌ఓ 15189 కింద ఇచ్చేది ల్యాబు బోర్డుకు కాదు, పరీక్షల జాబితాకు. ఆ జాబితా ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. మీరు ఇచ్చే పరీక్ష అందులో లేకపోతే గోడ మీది ఫ్రేము మీకు సంబంధం లేనిదే.

నా లెక్కలో నాలుగు స్టార్లు. ఐదోది బయటి ల్యాబు పేరు రిపోర్టు మీద వేసిన రోజు ఇస్తానని ఆయనకే చెప్పా. సరేనన్నాడు, ఇంకా వెయ్యలేదు.

పోయిన నెల తమ్ముడు మళ్ళీ లిపిడ్ చేయించుకున్నాడు. ఈసారి ట్రైగ్లిజరైడ్స్ 412. ఎల్‌డీఎల్ ఉండాల్సిన చోట నంబరు లేదు. "లెక్కించలేదు, ట్రైగ్లిజరైడ్స్ 400 పైన" అని టైపు చేసుంది. అదే రోజు వచ్చిన అమ్మ రిపోర్టులో పొటాషియం 4.5. పైన అమ్మ పేరులో మాత్రం ఒక అక్షరం ఇంకా తప్పే, మూడోసారి చెప్పి వచ్చా.